ఓటమిలోనూ వీడని అభిమానం

పాఠ్య పరిచయం

క్రీడలు శరీరానికి దారుఢ్యాన్ని, మనస్సుకు ఉల్లాసాన్ని కలిగిస్తాయి. మైదానంలో ఆడేవారికే కాక, చూసేవారికి కూడా అవి కొన్ని విలువలను నేర్పుతాయి. అమెరికాలోని చికాగో నగరానికి చెందిన ఒక బేస్‌బాల్ జట్టు 108 సంవత్సరాలపాటు విజేతగా నిలవలేకపోయింది. అయినా అభిమానులు దానిని విడిచిపెట్టలేదు. ఆ అభిమానంలోని ఔన్నత్యాన్నీ, లోపాలనూ ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

‘కలిగినవారికి అందరూ చుట్టాలే’ అన్నది సామెత. క్రీడారంగంలోనూ ఈ మాట నిజమే. గెలిచిన జట్టుకు జేజేలు పలికేవారికి కొదవ ఉండదు. ఓడిన జట్టు వెంట నిలిచేవారు మాత్రం అరుదు. అటువంటి అరుదైన అభిమానులను మూడు నాలుగు తరాలపాటు నిలుపుకున్న జట్టు చికాగో కబ్స్. కబ్స్ అంటే ఎలుగుబంటి పిల్లలు అని అర్థం.

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ బొత్తిగా కొత్తగా తోచదు. ఇందులో జట్టుకు తొమ్మిదిమంది ఆడతారు. ఒకరు బంతి విసురుతారు. ప్రత్యర్థి దానిని గుండ్రని బ్యాటుతో కొట్టి, నాలుగు స్థానాలను చుట్టి వస్తే ఒక పరుగు లభిస్తుంది. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసినా పరుగులు సమంగా ఉంటే అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. అమెరికాలోని ప్రధాన పోటీలలో ఒక్కొక్క జట్టు ఏటా 162 ఆటలు ఆడుతుంది. వసంతకాలం నుండి శరదృతువు వరకు దాదాపు ప్రతిదినమూ ఆట ఉంటుంది. చివరకు మిగిలిన రెండు జట్లు ‘వరల్డ్ సిరీస్’లో తలపడతాయి. అందులో ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టే విజేత. కాబట్టి బలహీనమైన జట్టును అభిమానించడమంటే, ఆరు నెలలపాటు నిరాశతో సహవాసం చేయడమే.

కబ్స్ జట్టు 1907, 1908 సంవత్సరాలలో వరుసగా వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ తరువాత 1945 లోపల ఏడుసార్లు తుది పోటీకి చేరి, ఏడుసార్లూ ఓడిపోయింది. 1945లో తన మేకను మైదానంలోకి రానివ్వలేదన్న కోపంతో ఒక మద్యశాల యజమాని జట్టును శపించాడనే కథ పుట్టింది. అభిమానులు ఆ కథను చెప్పుకొని నవ్వుకునేవారు. నవ్వుకోవడం కూడా బాధను ఓర్చుకునే ఒక మార్గమే కదా! 1969 ఆగస్టు మధ్యలో జట్టు తన విభాగంలో తొమ్మిది ఆటల ఆధిక్యంతో ముందుండింది. గెలుపు ఖాయమని అందరూ భావించారు. కాని సెప్టెంబరులో వరుస ఓటములతో వెనుకబడగా, న్యూయార్క్ మెట్స్ జట్టు ముందుకు దూసుకుపోయింది.

ఇన్ని ఓటముల మధ్య అభిమానులను పట్టి ఉంచినదేమిటి? మొదటిది వారి మైదానం. 1914లో నిర్మించిన రిగ్లీ ఫీల్డ్ ఇళ్ల నడుమ, వీధుల మధ్య ఉంది. దాని ఇటుక గోడలపై పచ్చని తీగలు అల్లుకొని ఉంటాయి. 1988 వరకు అక్కడ విద్యుద్దీపాలు లేవు. ఆటలన్నీ పగటివేళలోనే జరిగేవి. ఆట ముగియగానే మైదానంపై ఒక జెండా ఎగురుతుంది. తెల్లని జెండా అయితే గెలుపు, నీలి జెండా అయితే ఓటమి. రైలులో వెళ్ళేవారు సైతం ఆ జెండాను చూసి ఫలితం తెలుసుకుంటారు. ఓటమిని దాచుకోకుండా చాటుకోవడం అక్కడి సంప్రదాయం.

రెండవది ఆటగాళ్లతో ఏర్పడిన అనుబంధం. ఎర్నీ బ్యాంక్స్ 1953లో కబ్స్ జట్టులో చేరిన తొలి నల్లజాతి ఆటగాడు. 1958, 1959 సంవత్సరాలలో ఆయన తన లీగులో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. ఆ రెండేళ్లూ జట్టు గెలిచిన ఆటలకంటే ఓడినవే ఎక్కువ. 1971 వరకు ఆడి 512 హోమ్ రన్‌లు సాధించినా, ఆయనకు వరల్డ్ సిరీస్‌లో ఆడే అవకాశం ఒక్కసారైనా లభించలేదు. అయినా ఆయన ముఖంలో చిరునవ్వు చెదరలేదు. ఎండ బాగా కాసిననాడు ఒకటి కాదు, రెండు ఆటలు ఆడదామనేవాడు. ఆయన సహచరుడు రాన్ శాంటో మధుమేహంతో బాధపడుతూనే, ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పకుండా ఆడాడు. తరువాత రేడియో వ్యాఖ్యాతగా మారాడు. వ్యాధి కారణంగా రెండు కాళ్లూ కోల్పోయినా 2010లో మరణించేవరకు ఆ బాధ్యతను విడువలేదు. జట్టు తప్పు చేస్తే ఆయన గొంతులో వినిపించే వేదన శ్రోతల వేదనే. ఓడినవారిలోనూ ఇంతటి నిష్ఠ ఉన్నప్పుడు, వారిని ప్రేమించడానికి గెలుపు అవసరం లేదని అభిమానులు గ్రహించారు.

అయితే అభిమానం అన్నివేళలా ఉదాత్తంగా ఉండదు. 2003 అక్టోబరు 14న కబ్స్ జట్టు వరల్డ్ సిరీస్‌కు చేరడానికి ఇంకా ఐదుగురిని అవుట్ చేస్తే చాలు. ఆ సమయంలో గ్యాలరీ వైపు వచ్చిన బంతికోసం పలువురు ప్రేక్షకులు చేతులు చాచారు. వారిలో ఒక యువకుని చేతికి తగలడంతో ఆటగాడు బంతిని పట్టుకోలేకపోయాడు. ఆ తరువాత జట్టు స్వయంగా తప్పులు చేసి, అదే ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులు సమర్పించుకుంది. మరునాటి ఆటలోనూ ఓడింది. కాని నింద అంతా ఆ యువకునిపై పడింది. జట్టును ఎంతో ప్రేమించిన అతనిపైనే తోటి అభిమానులు వస్తువులు విసిరారు. రక్షణ సిబ్బంది అతనిని బయటకు తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆటగాళ్ల తప్పులను క్షమించగలిగినవారు తమవంటి ఒక సామాన్యుని క్షమించలేకపోయారు. జట్టు యాజమాన్యం 2017లో అతనికి విజేతల ఉంగరాన్ని బహూకరించి, ఆ గాయాన్ని మాన్పడానికి ప్రయత్నించింది.

మరొక విమర్శ కూడా ఉంది. ఓడినా గ్యాలరీలు నిండుతుంటే, జట్టును మెరుగుపరచవలసిన అవసరం యాజమాన్యానికి ఏముంటుందని కొందరు ప్రశ్నించారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. 2012లో జట్టు 101 ఆటలు ఓడింది. అయినా ఆ ఏడాది 28 లక్షలకు పైగా ప్రేక్షకులు మైదానానికి వచ్చారు. అయితే అప్పటికే థియో ఎప్‌స్టీన్ నాయకత్వంలో యువ ఆటగాళ్లతో జట్టు పునర్నిర్మాణం ఆరంభమైంది. ఆ ఓటములను ఓర్చుకున్న అభిమానుల సహనానికి ఈసారి ఫలితం దక్కింది.

2016లో కబ్స్ జట్టు 71 సంవత్సరాల తరువాత వరల్డ్ సిరీస్‌కు చేరింది. క్లీవ్‌లాండ్ జట్టు చేతిలో మూడు ఆటలు ఓడి, ఒక్కటే గెలిచిన దశ నుండి తేరుకొని మూడూ మూడుగా సమం చేసింది. నవంబరు 2న జరిగిన ఏడవ ఆట తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి 6-6గా నిలిచింది. ఇంతలో వాన వచ్చి 17 నిమిషాలు ఆట ఆగింది. పదవ ఇన్నింగ్స్‌లో కబ్స్ 8-7 తేడాతో గెలిచింది.

ఆ రోజులలో రిగ్లీ ఫీల్డ్ బయటి గోడలు ఒక అపూర్వ దృశ్యానికి వేదికయ్యాయి. వేలాదిమంది సుద్దముక్కలతో ఇటుకలపై పేర్లు రాశారు. అవి ఆటగాళ్ల పేర్లు మాత్రమే కావు. ఈ విజయాన్ని చూడకుండానే కన్నుమూసిన తండ్రుల, తాతల, అమ్మమ్మల పేర్లు. ఒక కుమారుడు వందల మైళ్లు ప్రయాణించి, తండ్రి సమాధి పక్కన కూర్చుని రేడియోలో చివరి ఆటను విన్నాడు. ఎర్నీ బ్యాంక్స్ సైతం అంతకు ముందటి సంవత్సరమే, 2015లో మరణించాడు. ఆ కుటుంబాలకు జట్టుపై అభిమానం పెద్దల నుండి సంక్రమించిన ఆస్తి. దానిని విడిచిపెట్టడమంటే పెద్దల జ్ఞాపకాన్ని విడిచిపెట్టడమే.

ఆ రాత్రి ఓడిన క్లీవ్‌లాండ్ అభిమానులు కూడా 1948 నుండి విజయంకోసం ఎదురుచూస్తున్నవారే. వాన వెలిసిన ఆ మైదానం నుండి వారు తలలు వంచుకొని ఇళ్లకు వెళ్లారు. మరుసటి వసంతంలో తిరిగి వచ్చి అవే గ్యాలరీలలో కూర్చున్నారు. గెలుపు ఒకరికే దక్కుతుంది. నిష్ఠ మాత్రం ఇరువురికీ సొంతమే.

పదాలు – అర్థాలు

దారుఢ్యం = దృఢత్వం, గట్టిదనం
ఔన్నత్యం = గొప్పతనం
కొదవ = తక్కువ, లోటు
నిష్ఠ = చెదరని పట్టుదల, విశ్వాసం
ఉదాత్తం = ఉన్నతమైనది
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చేరు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కబ్స్ అభిమానులను జట్టుతో కట్టి ఉంచిన కారణాలను వివరించండి.
2. అభిమానంలోని మంచి చెడులను 2003, 2016 నాటి సంఘటనల ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఎర్నీ బ్యాంక్స్ గొప్పతనాన్ని తెలపండి.
2. రిగ్లీ ఫీల్డ్ గోడలపై అభిమానులు ఎవరి పేర్లు రాశారు? ఎందుకు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రిగ్లీ ఫీల్డ్‌పై నీలి జెండా దేనికి సూచన?
2. 2016 వరల్డ్ సిరీస్‌లో కబ్స్ ప్రత్యర్థి ఏ జట్టు?