తుక్కుకి తోలేముందు

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి,

  

నీ ఫోన్ సంగతి అక్క చెప్పింది. కొత్తపేట దగ్గర లంకలో, కొబ్బరితోట కొట్టాంలో పడున్న మీ నాన్న మారుతీ 800 కారుని పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యమన్నావట. వాడొచ్చి చుట్టూ తిరిగి చూసి, కేజీ లెక్కన బేరం చెప్పి, మర్నాడు గ్యాస్ కట్టరు తెచ్చుకుంటానన్నాడట. నేనే ఆపించాను. కోపం తెచ్చుకోకు. ఆర్టీసీ డిపోలో పానా పట్టుకుని బతికినవాణ్ణి, బండిని చింతపండులాగా తూకానికి అమ్ముతుంటే చూస్తూ ఊరుకోలేను. ఫోన్లో చెబితే సగం విని, మిగతా సగానికి "సరే మావయ్యా" అంటావు. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ బండి నిజంగా చచ్చిందో లేదో తేల్చుకుందాం. పదిహేనేళ్లు దాటితే కారు తుక్కు చెయ్యాల్సిందేనని నీ స్నేహితులెవరో అన్నారట. డీజిలుకి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్లు అనే గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి బాగానే ఉందని చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. బావ 1999లో కొన్న బండి కదా, 2014లో ఒకసారి అలా చేయించాడు. 2019 నాటికి ఆయనకే ఓపిక లేకపోయింది. ఇప్పుడు చేయిద్దామంటే ఫీజే బరువు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5 వేలు చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10 వేలు చేశారు. పోనీ అదీ కడదామంటే బండికి కింద ఫ్లోరు లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొట్టాంలోకి వచ్చిన నీళ్లు సీట్ల ఎత్తున నిలిచాయి. అసలే మనది ఉప్పుగాలి. డ్రైవరు సీటు ముందు కాలు పెడితే నేల తగులుతోంది. ఇంజను పోయిన బండికి ఇంకో ఇంజను పెట్టొచ్చు. బాడీ పోయిన బండికి పెట్టేదేమీ ఉండదు. కాబట్టి తుక్కుకి పంపాలన్న నీ మాట సబబే. పంపే తీరే బాగాలేదు.

ఆ కారు మీద పార్టులు ఇంకా ఎవరికి కావాలంటావేమో. మారుతీ 800 మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చింది 1983 డిసెంబర్ 14న. తయారీ ఆపింది 2014 జనవరిలో. ఈ మధ్యలో మన దేశంలోనే 25 లక్షలకి పైగా అమ్ముడయ్యాయి. అదే 796 సీసీ ఇంజనుతో ఓమ్నీ వ్యాన్లు 2019 దాకా వచ్చాయి. రాజోలు వైపు కాలవగట్ల మీద ఎప్పుడైనా నిలబడి చూడు, అరగంటలో ఒకటైనా ఎదురవుతుంది. వాటికి పార్టులు కావద్దూ?

అయితే ఏ పార్టు కావాలన్న దగ్గరే అందరూ బోల్తా పడతారు. బానెట్ ఎత్తి ఇంజను కేసి చూస్తారు. క్లచ్ ప్లేటు, బేరింగులు, ఫిల్టర్లు, బెల్టులు కొత్తవే కొట్లో దొరుకుతుంటే నీ పాతవి ఎవడికి? దొరకనివి వేరే ఉన్నాయి. తలుపు అద్దాలు, అద్దం ఎత్తే మిషన్లు, లోపలి హ్యాండిళ్లు, పగలని టైల్ లైట్లు, మీటరు బోర్డు, వెనక అద్దం, బానెట్ తాళం, డిక్కీ కీలు. పాత బండివాళ్లు ఒక్క హ్యాండిల్ కోసం విజయవాడ జవహర్ ఆటోనగర్ దాకా పోయి కొట్టు కొట్టూ తిరుగుతుంటారు. నీ బండిది కార్బరేటరు మోడల్. ఆ కార్బరేటరు బాగుంటే అన్నిటికన్నా ముందు దాన్నే పట్టుకుపోతారు. ఆ కాలం బండ్లు ఉన్నవాళ్లకి అది బంగారం.

మునిగిన బండికి ఒక సూత్రం ఉంది. తలుపు లోపలివైపు, డోర్ ప్యాడ్ మీద బురద గీత చూశావా? నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. ఆ గీతకి పైనున్న పార్టుని నమ్ము, కిందున్నదాన్ని అనుమానించు. కార్బరేటరు, వైపరు మోటారు, మీటరు బోర్డు, స్టీరింగు దగ్గరి స్విచ్చులు, అద్దాలు పైనే ఉన్నాయి. సెల్ఫ్ మోటారు, గేర్ బాక్సు మునిగాయి. ఆల్టర్నేటరు పుల్లీని చేత్తో తిప్పి చూడు. గరగరలాడితే బేరింగు పోయినట్టే, తుక్కులో వెయ్యి. డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిలు తెల్లగా నురగకట్టి ఉంటే ఇంజనులోకి నీళ్లు పోయాయి. అప్పుడిక ఇంజను మీద ఆశ పెట్టుకోకు. సీట్లలో స్పాంజి వరద నీళ్లు పీల్చుకుని ఆరింది, అది బాగుపడదు. అరుగు మీద వేసుకుంటానని అక్క అంటే ఒప్పుకోకు.

పని మొదలెట్టే ముందు రోజు రాత్రి ప్రతి బోల్టు మీదా నూనె వెయ్యాలి. కిరసనాయిలైనా సరే. తెల్లారేసరికి తుప్పు కొంత వదులుతుంది. బలవంతంగా తిప్పితే తల విరుగుతుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టుకోవడమే. బండిని జాకీ మీద లేపితే నాలుగు వైపులా కొబ్బరి మొద్దులు పెట్టాకే కిందికి దూరాలి. మన లంక నేల మెత్తన, ఒండ్రు. పీట లేకుండా జాకీ పెడితే ఇంతలోనే దిగిపోతుంది. జాకీని నమ్ముకుని బండి కింద పడుకునేవాణ్ణి డిపోలో అయితే మా ఫోర్‌మన్ గేటు బయటికి పంపేవాడు.

తలుపు అద్దం తీయడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ పగలగొట్టేది దాన్నే. ముందు అద్దం తిప్పే హ్యాండిల్ వెనక చిన్న తీగ క్లిప్పు ఉంటుంది, ఒక గుడ్డ పీలిక దాని కిందికి దోపి అటూ ఇటూ లాగితే ఊడి వస్తుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది ఎగిరి గడ్డిలో పడుతుంది, ఇక దొరకదు. ఆ తర్వాత డోర్ ప్యాడ్ అంచున వేళ్లు దూర్చి ఒక్కో క్లిప్పే లాగు. లోపల ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, చింపకుండా తియ్యి. హ్యాండిల్ మళ్లీ తగిలించి అద్దాన్ని సగం కిందికి దించితే కింద పట్టీకి బిగించిన స్క్రూలు కంతల్లోంచి కనబడతాయి. అవి విప్పేటప్పుడు రెండో మనిషి పైనుంచి అద్దం పట్టుకోవాలి. విప్పాక అద్దాన్ని కొద్దిగా ముందుకి వంచి పైకి ఎత్తితే తలుపు బయటివైపు నుంచి వచ్చేస్తుంది. తీసిన ప్రతి స్క్రూని అది ఉన్న కంతలోనే మళ్లీ రెండు చుట్లు తిప్పి వదిలెయ్యి. వైర్లు విడదీసేటప్పుడు రెండు కొసలకీ తెల్ల టేపు అంటించి పేరు రాయి. రేపు కొనుక్కునేవాడు నీకు దణ్ణం పెడతాడు.

బండిలో మిగిలిన ద్రవాల సంగతి ఇంకా ముఖ్యం. ఇంజనాయిలు మూడు లీటర్ల లోపే ఉంటుంది, కానీ దాన్ని బోదెలో పారబోశావో తోటంతా పోయినట్టే. మన బోదెలు కాలవలో కలుస్తాయి, ఆ కాలవ నీళ్లతోనే ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుతారు. డబ్బాలో పట్టు. కొంతమంది కొట్టాం గుంజలకి చెద పట్టకుండా పాత ఆయిలు పూస్తారు. ఎక్కువుంటే మెకానిక్ షెడ్డులో ఇచ్చెయ్యి, ఆయిలు కొనేవాళ్లు వచ్చి పట్టుకెళతారు. బ్యాటరీ చచ్చినా విలువ చస్తుందా? సీసం లోపలే ఉంది. బ్యాటరీ కొట్టుకి ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే. పెట్రోలు ట్యాంకు మాత్రం నువ్వు ముట్టుకోకు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. ఆ ఇనప సామాన్లవాడు కొబ్బరాకుల కొట్టాంలో గ్యాస్ కట్టరు వెలిగిస్తానన్నాడంటే, నేను వాణ్ణెందుకు ఆపానో ఇప్పటికైనా అర్థమైందా?

ఇక ఎవరికీ ఇవ్వకూడనివి. బ్రేకుల తాలూకు ఏదీ ఇవ్వొద్దు. డ్రమ్ములు, సిలిండర్లు, పైపులు, స్టీరింగు రాడ్లు, షాకబ్జర్లు, సీటు బెల్టులు ఊరికే అడిగినా ఇవ్వకు. నీళ్లలో నానిన బ్రేకు పార్టు బయటికి బాగానే కనబడుతుంది. ముక్తేశ్వరం రోడ్డు మీద ఎదురుగా లారీ వచ్చినప్పుడు దాని సంగతి తెలుస్తుంది. షాకబ్జరు మీద స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. నట్టు ఊడదీశావో మొహాన కొడుతుంది. అలాగే వదిలెయ్యి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1812 అంటే 2012లో 18వ వారం. ఆ వయసు టైరు రోడ్డెక్కకూడదు. సఖినేటిపల్లి రేవులో పంటువాళ్లకి ఇవ్వు, గట్టుకి తగలకుండా పక్కన కట్టుకుంటారు.

తీసినవన్నీ అటక మీద దాచుకుంటానంటే మాత్రం నేనొప్పుకోను. ఆర్నెల్లలో పట్టుకెళ్లే మనిషి లేని పార్టు కూడా తుక్కే, కాకపోతే ఇంట్లో ఉన్న తుక్కు. డిపోలో ఏ వస్తువైనా విప్పితే అది రీకండిషన్‌కైనా పోవాలి, వేలానికైనా పోవాలి. మూలన పెట్టడం అనేది లేదు. అమలాపురంలో ఇద్దరు పాత మెకానిక్కులు నాకు తెలుసు, వాళ్లకి కబురు పెట్టాను. లిస్టు చూసి తమకి కావలసినవి చెప్తారు. డబ్బు పెద్దగా రాదు, ముందే చెప్తున్నాను. తూకానికి ఇచ్చినదానికన్నా ఎక్కువే వస్తుంది, అంతే. బావ గుర్తుగా ఏదైనా ఉంచుకోవాలనుంటే గేరు రాడ్డు మీద గుండు ఉంచుకో, జేబులో పడుతుంది.

చివరగా కాగితాలు. నిజానికి ఇవే ముందు రాయవలసింది. బండి ఆర్‌సీ ఇంకా బావ పేరునే ఉంది. యజమాని పోతే ముప్ఫై రోజుల్లో రవాణా ఆఫీసుకి చెప్పి, మూడు నెలల్లో వారసుల పేరుకి మార్పించుకోవాలి, దానికి ఫారం 31. ఆలస్యమైంది కాబట్టి జరిమానా ఉంటే కట్టేద్దాం. అప్పు మీద కొన్న బండి గనక, అప్పు తీరినా ఆర్‌సీలో ఫైనాన్సువాళ్ల పేరు తీయించాడో లేదో చూడు. లేకపోతే ఫారం 35, వాళ్ల దగ్గర నిరభ్యంతర పత్రం కావాలి. అవి లేకుండా బండి ఇస్తే ఏమవుతుందో తెలుసా? ఛాసిస్ నంబరు కోసి ఇంకో దొంగ బండికి అతికిస్తారు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది అక్క ఇంటికి. అందుకే ఇంజను బ్లాకుని, నంబరున్న ఛాసిస్ ముక్కని ఎవరికీ విడిగా అమ్మకూడదు, నంబరు ప్లేట్లు ఊడదీసి మన దగ్గర పెట్టుకోవాలి.

2021 సెప్టెంబరులో కేంద్రం తుక్కు కేంద్రాల నిబంధనలు తెచ్చింది. రిజిస్టరైన కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, రిజిస్ట్రేషన్ రద్దు కూడా వాళ్ల ద్వారానే జరుగుతుంది. కొత్త సొంత కారు కొన్నప్పుడు ఆ సర్టిఫికెట్ చూపిస్తే రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది. సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది. నువ్వు హైదరాబాదులో కొనబోతున్నావు గనక అక్కడ ఎంత ఇస్తారో, ఏపీ బండి సర్టిఫికెట్ ఒప్పుకుంటారో లేదో అడిగి కనుక్కో. ఇంకోమాట, ఆ కేంద్రంవాళ్లకి ముందే ఫోన్ చేసి బండి మీద ఏమేమి ఉంటేనే తీసుకుంటారో అడుగు. ఇంజను, గేర్ బాక్సు, చక్రాలు లేకుండా డొక్కు పంపితే వెనక్కి పంపుతారు, లేకపోతే ధర తెగ్గోస్తారు. అందుకే మనం తీసేది అద్దాలు, లైట్లు, కార్బరేటరు, చిన్న చిన్న సామాను మాత్రమే. టైర్లు పంటుకి ఇవ్వడం కూడా వాళ్లు సరేనన్నాకే.

వచ్చే ఆదివారం రా. ఆర్‌సీ, ఫైనాన్సు కాగితాలు, బావ మరణ ధ్రువీకరణ పత్రం, అక్క ఆధార్ జిరాక్సు పట్టుకురా. పానాలు, జాకీ, నూనె డబ్బా నేను తెస్తాను. నేనొచ్చేదాకా బండి కిందికి దూరొద్దు, ట్యాంకు మూత తీయొద్దు.

మీ మావయ్య