ఊదాలా? కొట్టాలా? – గాలి పరుపు పాఠం

పిల్లలూ, వేసవి వచ్చిందంటే మీలో కొందరు అమ్మానాన్నలతోనో, స్కౌట్ బృందంతోనో కొండల్లోకి బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్తారు కదా! డేరా, తిండి, నీళ్ళు, స్లీపింగ్ బ్యాగ్ అన్నీ వీపు మీద సంచిలోనే. సాయంత్రం దాకా నడిచి, డేరా వేసుకున్నాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది. చుట్టగా చుట్టి తెచ్చుకున్న గాలి పరుపులో, అంటే స్లీపింగ్ ప్యాడ్‌లో, గాలి నింపాలి. అప్పటికే కాళ్ళు పీకుతుంటాయి, ఆకలేస్తుంటుంది, చీకటి పడుతుంటుంది. ఆ పనిని తేలిగ్గా చేసుకునే పద్ధతులేమిటో ఈ పాఠంలో చూద్దాం. గాలికి సంబంధించిన కొన్ని తెలుగు మాటలు కూడా దారిలో తగులుతాయి.

ముందు ఒక ప్రశ్న. అసలు ఆ పరుపు ఎందుకు? నేల గట్టిగా ఉంటుంది కాబట్టి అంటారు మీరు. నిజమే, కానీ అదొక్కటే కాదు. మీరు పడుకోగానే స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం మీ బరువుకు అణిగిపోతుంది. అణిగిన చోట వెచ్చదనం నిలవదు. మీ ఒంట్లో వేడి మెల్లగా చల్లటి నేలలోకి వెళ్ళిపోతుంది. దాన్ని ఆపేది పరుపే. "చాల్లే, నోరు నొప్పెడుతోంది" అని సగం ఊది వదిలేశారనుకోండి, అర్ధరాత్రి తుంటి నేలకు తగులుతుంది, తెల్లవార్లూ చలే. అందుకని ఓపిక అయిపోయే పద్ధతి కన్నా, ఓపిక మిగిల్చే పద్ధతి కావాలి.

ఇప్పుడు మాటలు. నోటితో చేసేది ఊదడం. బూర ఊదుతాం, వేడి పాలు ఊదుకుని తాగుతాం, పుట్టినరోజున కొవ్వొత్తులు ఊది ఆర్పుతాం. పంపుతో చేసేది గాలి కొట్టడం. "సైకిల్‌కి గాలి కొట్టించుకుని రా" అంటే ఎవరినో కొట్టి రమ్మని కాదు! నోటితో చేసినా, పంపుతో చేసినా సరిపోయే మాట నింపడం.

ఇంకో మంచి మాట ఉంది: తిత్తి. తిత్తి అంటే తోలు సంచి. మన పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర ఒక పెద్ద తిత్తి ఉండేది. దాన్ని తెరిస్తే గాలి లోపలికి వస్తుంది, నొక్కితే ఆ గాలి నిప్పుల మీదికి వెళ్తుంది. ఇప్పుడు మీ ఛాతీ మీద చెయ్యి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చండి. లోపల నిండినవి ఊపిరితిత్తులు. ఊపిరిని నింపుకునే తిత్తులు, అంతే! పేరులోనే పని కనిపిస్తోంది కదా. గాలి పరుపుకు మనం చేయబోయే ఉపాయం కూడా ఇదే: ఒంట్లో ఉన్న తిత్తులకు విశ్రాంతి ఇచ్చి, బయట ఇంకో తిత్తి తయారుచేసుకోవడం.

ఎందుకంటే లెక్క చూడండి. ఒక పరుపు 180 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల మందం ఉందనుకుందాం. గుణిస్తే 54 లీటర్లు. పరుపు మధ్యలో గాడులు ఉంటాయి కాబట్టి కాస్త తగ్గించి 45 లీటర్లు అనుకుందాం. మీ వయసు పిల్లలు గట్టిగా ఒకసారి ఊదితే లీటరున్నర గాలి వస్తుందనుకోండి. 45ని 1.5తో భాగిస్తే 30. అంటే ఆపకుండా ముప్ఫై పెద్ద ఊపిర్లు! ఎత్తైన కొండల మీద ఆయాసం ఇంకా త్వరగా వస్తుంది. 3,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో 70 శాతమే.

అలా గబగబా ఊదుతూ పోతే ఏమవుతుంది? ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కాస్త సన్నబడతాయి. తల తేలిపోయినట్టు ఉంటుంది. దీన్ని మీలో చాలామంది "నేను డిజీ అయ్యాను" అని చెప్తారు. తెలుగులో "నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనండి. తల తిరుగుతోంది అన్నా సరే. ఈ ఒక్క వాక్యం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇది పరీక్ష కోసం కాదు. కళ్ళు తిరుగుతుంటే వెంటనే ఊదడం ఆపి, కూర్చుని, పక్కన ఉన్న పెద్దవాళ్ళకు చెప్పాలి. ఆస్తమా ఉన్న పిల్లలు నోటితో ఊదే పని అసలు పెట్టుకోవద్దు.

నోటితో ఊదితే ఇంకో చిక్కుంది. మన ఊపిరిలో తడి ఉంటుంది. చలికాలం కారు అద్దం మీద ఊదితే మసకబారుతుంది చూశారా, ఆ తడే. పరుపంతా నోటితో ఊదితే దాదాపు గ్రామున్నర నీళ్ళు లోపలికి వెళ్తాయి. చలికి అవి చుక్కలుగా మారతాయి. అలాగే చుట్టి అటకెక్కిస్తే లోపల బూజు పట్టవచ్చు. కొన్ని ఖరీదైన పరుపుల్లో బాతు ఈకలు నింపి ఉంటాయి. వాటిని నోటితో ఊదనే కూడదు. ఈకలు తడిసి ఉండకడితే వెచ్చదనం పోతుంది.

సరే, బయటి తిత్తి సంగతికి వద్దాం. దుకాణాల్లో దీన్ని పంప్ శాక్ అంటారు. తేలికైన పొడుగాటి సంచి. ఒక చివర వెడల్పైన మూతి, ఇంకో చివర చిన్న రంధ్రం. ఆ రంధ్రాన్ని పరుపు వాల్వ్‌కి తగిలిస్తారు. వాల్వ్ అంటే గాలికి తలుపు. చాలా పరుపుల్లో ఇది లోపలికే తెరుచుకుంటుంది, బయటికి రానివ్వదు. కాబట్టి మధ్యలో ఆగినా నింపిన గాలి ఎక్కడికీ పోదు.

ఇప్పుడు అసలు కిటుకు. సంచి మూతిని నోటికి బిగించి ఊదకండి. అలా చేస్తే మీ ఊపిరి ఎంతో సంచిలోకి అంతే వెళ్తుంది. మూతిని రెండు చేతులతో వెడల్పుగా తెరిచి, నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. (బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా చేతిని చాపితే జానెడు.) కొవ్వొత్తి ఆర్పినట్టు, సన్నగా, పొడుగ్గా ఒక్కసారి ఊదండి. సంచి ఒక్కసారిగా ఉబ్బుతుంది! వేగంగా వెళ్ళే గాలి ఒంటరిగా వెళ్ళదు, చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. మీరు ఊదింది కొంచెమే, లోపలికి వెళ్ళింది దానికి ఎన్నో రెట్లు. అందులో ఎక్కువ భాగం బయటి గాలే కాబట్టి తడి కూడా తక్కువ.

వెంటనే మూతి మూసి, రెండు మూడు మడతలు చుట్టి, సంచిని మెల్లగా నొక్కండి. గాలి పరుపులోకి వెళ్తుంది. సంచి పెద్దదైతే మూడు నాలుగు సార్లకు పరుపు నిండిపోతుంది. బలమంతా పెట్టి సంచి మీద పడిపోకండి, కుట్లు విడిపోతాయి. చివర్లో పరుపు ఇంకా కాస్త మెత్తగా అనిపిస్తే నోటితో రెండు ఊదులు చాలు. మరీ రాయిలా ఊదినా నిద్ర పట్టదు. పక్కకు తిరిగి పడుకుని చూడండి. తుంటి నేలకు తగలకూడదు, పరుపు మాత్రం కొంచెం లొంగాలి.

పంప్ శాక్ లేకపోతే? మందమైన పెద్ద చెత్త సంచి కొత్తది తీసుకుని, ఒక మూల చిన్నగా కత్తిరించి, వాల్వ్ చుట్టూ రబ్బరు బ్యాండుతో బిగిస్తే అదీ తిత్తే. పగలు నడిచేటప్పుడు అదే సంచిని బ్యాగ్ లోపల వేసి, బట్టలు తడవకుండా వాడుకోవచ్చు. ఆ కత్తిరించిన మూలను మాత్రం మడిచి కట్టాలి. నన్నడిగితే ఇలా ఒకే వస్తువు రెండు పనులు చేయడమే బ్యాక్‌ప్యాకింగ్‌లో అందం.

బ్యాటరీతో పనిచేసే చిన్న పంపులూ ఉన్నాయి. బొత్తాం నొక్కితే చాలు, పరుపు నిండుతుంది. బాగానే ఉంటాయి గానీ, బ్యాటరీ అయిపోతే అవి సంచిలో వట్టి బరువు. పక్క డేరాలో వాళ్ళు పడుకున్నాక ఆ చప్పుడూ మర్యాద కాదు.

అసలు గాలే కొట్టక్కర్లేని పరుపులూ ఉన్నాయి. ఫోమ్ పరుపు విప్పి పరిస్తే చాలు, మన చాపలాగే. పంచర్ భయం లేదు, కానీ పలచగా ఉంటుంది. వాటంతట అవే గాలి పీల్చుకునే పరుపులు ఇంకో రకం. లోపల స్పాంజిలాంటి ఫోమ్ ఉంటుంది. వాల్వ్ తెరవగానే అది విచ్చుకుంటూ గాలిని లోపలికి లాక్కుంటుంది. 1970ల మొదట్లో సియాటిల్‌లో, బోయింగ్‌లో ఉద్యోగం పోయిన ఇంజనీర్లు మొదలుపెట్టిన థర్మరెస్ట్ పరుపు ఈ రకమే. ఇవి కాస్త బరువు.

ఒక సందేహం మీకు తప్పకుండా వస్తుంది. రాత్రి గట్టిగా ఉన్న పరుపు తెల్లారేసరికి మెత్తబడుతుంది. చిల్లు పడిందా? చాలాసార్లు కాదు. వేడి గాలి చల్లబడితే కుంచించుకుపోతుంది. 37 డిగ్రీల ఊపిరి 10 డిగ్రీలకు చల్లారితే దాదాపు పదో వంతు తగ్గుతుంది. బయటి చల్లగాలితో నింపితే ఈ తేడా తక్కువ. అందుకే పడుకోబోయే ముందు ఇంకోసారి గాలి చూసుకోండి. మళ్ళీ నింపినా గంటలో మెత్తబడితే అప్పుడు చిల్లే. ఇంటికి వచ్చాక సబ్బు నీళ్ళు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. సైకిల్ షాపులో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి వెతికేదీ ఇలాగే.

చేసి చూడండి: పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, ఒక పొడుగాటి సంచిని మొదట మూతి బిగించి ఊదండి, తర్వాత జానెడు దూరం నుంచి ఊదండి. ఎన్ని ఊపిర్లు పట్టాయో రెండు సార్లూ లెక్కపెట్టి రాయండి. మధ్యలో ఆగి విశ్రాంతి తీసుకోండి. సంచిలో తల పెట్టకూడదు. చిన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందకుండా తీసేయాలి.

ఖాళీలు పూరించండి (ఊదు, కొట్టు, తిరుగు – సరైన రూపంలో):
సైకిల్ టైరుకు గాలి ______ .
పాలు వేడిగా ఉన్నాయి, ______ తాగు.
అమ్మా, నాకు కళ్ళు ______ .

మాట్లాడండి: ఈ వారం అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి "మీ చిన్నప్పుడు కొలిమి తిత్తి చూశారా? పొయ్యి ఎలా ఊదేవారు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాసి, వచ్చే తరగతికి తీసుకురండి.