మలయా తీరమున జపాను దండు దిగుట

చరిత్ర పాఠము చెప్పుచుండగా నొక బాలుడు మమ్మిట్లడిగెను: "అయ్యా! మన ఐరాలకు సముద్రము చాల దూరము గదా. ఓడలలో వచ్చి యెచ్చటనో దిగిన దండుతో మనకేమి పని?" ప్రశ్న మంచిదే. దానికి ప్రత్యుత్తరముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

1941వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన, అర్ధరాత్రము దాటిన కొలది సేపటికి, మలయా ఈశాన్యతీరమందలి కోటబారు నొద్ద మూడు జపాను ఓడలనుండి సైన్యము దిగసాగెను. సైనికులు 5,000 మందికి పైగా నుండిరి. పెర్ల్ హార్బరుపై బాంబులు పడుటకు సుమారొక గంట ముందే యిది జరిగెను. హవాయి దీవులలో అప్పటికింకను 7వ తేదీయే యగుటచే పలువురు ఆ దాడినే మొదటిదిగా తలంతురు. విద్యార్థులు భూగోళపటమున దినరేఖను చూచినచో నీ చిక్కు విడిపోవును.

తీరమును కాచుచుండినవారు భారతదేశపు డోగ్రా దళమువారు. వారి యెదుట ముండ్లతీగెలును, మందుపాతరలును ఉండెను. సముద్రము పొంగుచుండెను. బ్రిటిషు పక్షపు విమానముల దెబ్బకు జపాను ఓడ యొకటి తగులబడెను. ఇరువైపులను పెక్కుమంది మడిసిరి. అయినను ఆ దినము ముగియునప్పటికి విమానాశ్రయము జపానువారి వశమయ్యెను. వారి ప్రధానసైన్యము సయాము దేశపు సింగోరా, పటానీలయందు దిగెను.

ఇట్టి దండయాత్రకు మూడు ముఖ్యములు: ఓడలను కాచు నౌకాబలము, ఆకాశమున ఆధిక్యము, దిగినవారికి ఎడతెగక అందు ఆహారమును మందుగుండును. డిసెంబరు 10వ తేదీన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అను బ్రిటిషు యుద్ధనౌకలను జపాను విమానములు ముంచెను. అటుపిమ్మట జపానువారి కడ్డు లేకపోయెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరును, మార్చి 8న రంగూనును పడిపోయెను. ఏప్రిలు 6న మన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. బర్మా బియ్యము రాకపోకలు నిలిచిపోయెను. 1943లో వంగదేశమున సంభవించిన ఘోరక్షామమునకు ఇదియు నొక హేతువు. చిత్తూరు జిల్లా చేరియుండిన చెన్నపురి రాజధానిలోను ధాన్యమునకు కొరత కలిగి, రేషను చీట్లపై బియ్యము కొలిచి యిచ్చు దినములు వచ్చెను. రంగూను రేవున మూటలు మోసిన తెలుగువారెందరో కొండలును అడవులును దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. దారిలోనే కన్నుమూసినవారు పెక్కుమంది. మలయా రబ్బరు తోటలలోని అరవ, తెలుగు కూలీలను సయాము-బర్మా రైలుమార్గపు పనికి కొనిపోయిరి. 415 కిలోమీటర్ల ఆ మార్గము 1943 అక్టోబరున పూర్తియగునప్పటికి కలరా, మలేరియాలచేతను ఆకలిచేతను వేలకొలది కూలీలు మరణించిరి.

ఆ మార్గమున మరణించిన తెల్లసైనికులకు కాంచనబురిలో వరుసలు తీర్చిన సమాధులున్నవి; రాళ్లపై పేర్లున్నవి. కూలీలలో అత్యధికులకు సమాధియు లేదు, పేరును లేదు. దండు దిగిన తీరములను, సేనానుల నామములను చరిత్ర భద్రపరచినది. కూలివాని పేరు అతని యింటివారే భద్రపరుపవలెను.

కావున విద్యార్థులారా! మీ వంశమున రంగూనుకో, మలయాకో పోయి తిరిగిరానివారున్నచో, పెద్దలనడిగి వారి పేర్లు వ్రాసియుంచుడు. సముద్రము మనకు దూరమే. దాని యొడ్డున జరిగిన యుద్ధము మాత్రము మన యింటి కుండవరకు వచ్చినది.