గోదావరీ తీరమున సంధ్యాహారతి

నదిని తల్లిగా భావించి, పగలును రాత్రియు కలియు వేళ దీపము చూపి నమస్కరించుటయే నదీహారతి. కాశీలో దశాశ్వమేధ ఘట్టమున జరుగు గంగాహారతిని మనలో పెక్కుమంది చూచియుందురు. కాని మన తాతముత్తాతలలో అనేకుల నది గోదావరి. రాజమహేంద్రవరమున పుష్కర ఘట్టమునందు జరుగు హారతిని గూర్చి మన పిల్లలకు చెప్పవలసినది చాల గలదు.

ముందుగా ఒక భేదమును గమనింపవలెను. కాశీ ఘట్టములు గంగకు పడమటి గట్టున నున్నవి. నదివైపు నిలిచినవారు తూర్పు ముఖముగా నుందురు. రాజమహేంద్రవరము గోదావరికి తూర్పు గట్టున నున్నది. సాయంకాలము నదికి అభిముఖముగా నిలిచినవారికి ఆవలి కొవ్వూరు వైపున క్రుంకుచున్న సూర్యుడు కనబడును. నదికిని సూర్యునికిని ఒకే నమస్కారము చెల్లును. ధూపము, పెక్కు వత్తుల దీపములు, తుదకు కర్పూరము చూపుదురు. ఆ సమయమున మాటలాడరాదు. ముగిసిన పిదప జ్యోతిని కన్నుల కద్దుకొనవలెను.

ఈ నదియే ధవళేశ్వరము దిగువ పాయలుగా చీలును. గౌతమీ పాయ సముద్రమును చేరు చోటికి చేరువనే కోరంగి రేవు గలదు. మారిషసులో మనవారికి కోరంగీలను పేరు ఆ రేవును బట్టియే వచ్చినది. మదరాసు రేవున ఓడ యెక్కి 1860లో నేటాలునకు, 1903లో ఫిజీకి పోయిన వారి మాట వేరు.

సంకల్పమునందు మనమున్న చోటును నదులతోను కొండలతోను చెప్పుకొందుము. కృష్ణా గోదావరుల నడుమ నున్నానని చెప్పిన తాతకు మనుమడు లండనులో నేమని చెప్పవలెను? థేమ్సు తీరమనియే చెప్పుట మేలని నా అభిప్రాయము. లేని చోట నున్నట్లు పలికి దేవుని యెదుట నిలువరాదు. గోదావరి మనకు కలశమునందు లభించును. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి అను ఏడు నదులను చెంబెడు నీటిలోనికి ఆహ్వానించు విధి అందుకే యున్నది. 1972లో మారిషసులోని గ్రాండ్ బసే సరస్సున గంగాజలమును కలిపి, గంగా తలావ్ అని పిలిచినదియు ఈ భావముతోనే.

ఇక వేళ. లండనులో జూన్ మాసమున సూర్యుడు రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట అస్తమించును. డిసెంబరులో 4 గంటలకు ముందే. సంధ్య సూర్యునిది, గడియారముది కాదు. అయినను వేసవిలో పసిపిల్లలను నిద్ర చెడగొట్టి నిలబెట్టనక్కరలేదు. అద్దె మందిరములలో కర్పూరము వెలిగించుటకు ముందు అనుమతి గైకొనుడు. పొగను పసిగట్టు గంట మంత్రముల కాగదు! నదిలో ప్లాస్టిక్ దీపములు విడువరాదు.

2015 తరువాతి గోదావరీ పుష్కరములు 2027లోనివి. 2015లో తొలినాటి ఉదయమే పుష్కర ఘట్టమున తొక్కిసలాటలో 25 మందికి పైగా మరణించిరి. వృద్ధులతో పోవు కుటుంబములు తొలినాటికై పట్టుపట్టక తరువాతి దినము నెన్నుకొనవలెను. పండ్రెండు నాళ్ళును పుష్కరములే.