పిప్పిపన్ను: పసితనము నుండి ముసలితనము వరకు

మగ్గముపై ఒక పోగు తెగినచో వెంటనే ఆపి అతుకుదుము. గుడ్డంతయు నేసిన పిదప చూచుకొందమనము. పంటి విషయములో మాత్రము మనవారు నొప్పి వచ్చువరకు ఊరకుందురు. నొప్పి తగ్గగానే మరచిపోవుదురు. ఈ రెండును పొరపాట్లే.

పుచ్చు పట్టుట: తీపి తగిలినప్పుడెల్ల పంటిపై పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి, గట్టి పైపొరను కరగించును. ఎంత తీపి తింటిమన్న దానికంటె ఎన్నిమార్లు తింటిమన్నది ముఖ్యము. మగ్గము దగ్గర మాటిమాటికి తీపి టీ త్రాగువారు గమనింపవలెను. చక్కెరకు బదులు బెల్లము వేసినను పంటికి మేలు లేదు.

గుర్తులు: మొదట సున్నపురంగు మచ్చ కనబడును, నొప్పి ఉండదు. ఈ దశలో తీపి తగ్గించి, ఫ్లోరైడు పేస్టుతో రోజుకు రెండుమార్లు తోమినచో పుచ్చు ఆగవచ్చును. పిదప గుంటపడి, చల్లని నీరు తగిలిన జివ్వుమనును, అప్పుడు పూడ్పించుకొనవలెను. రాత్రి నిదురపట్టని పోటు వచ్చినచో పుచ్చు నరమును చేరినదన్నమాట. వేరు లోపల శుభ్రము చేయించుటయో, పన్ను తీయించుటయో తప్పదు. ఆపై ఒకనాడు నొప్పి దానంతట అదే పోవచ్చును. ఇది నయమగుట కాదు, నరము చచ్చినది. వేరు క్రింద చీము పట్టవచ్చును. దవడ వాచి జ్వరము వచ్చినను, మ్రింగుట కష్టమైనను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. లవంగనూనె పోటును కొంతసేపు అణచును గాని పుచ్చును మాన్పదు.

పసిపిల్లలు: తీపి పాలసీసా నోటనుంచి నిద్రపుచ్చరాదు. తొలిపన్ను వచ్చినది మొదలు తోమవలెను. 3 ఏండ్ల లోపువారికి బియ్యపుగింజంత పేస్టు చాలును.

బడిపిల్లలు: సుమారు 6వ ఏట పాలపండ్ల వెనుక ఒక దవడపన్ను వచ్చును. ఊడిపోవు పన్నేగదా యని తల్లిదండ్రులు ఉపేక్షింతురు. అది జీవితాంతము ఉండవలసిన పన్ను.

పనిచేయువారు: పోగును పంటితో కొరికినచో ముందరి పండ్లు అరిగి నొక్కులు పడును. కత్తెర చేతికందునట్లు ఉంచుకొనుడు. గర్భిణులకు పంటివైద్యము కూడదనుట సరికాదు; వైద్యునికి నెల చెప్పి చేయించవచ్చును.

వృద్ధులు: చిగుళ్లు దిగి వేళ్లు బయటపడును. కొన్ని మందుల వలన నోరెండును. అందుచే వేళ్లకు పుచ్చు త్వరగా పట్టును.

చెన్నై, బెంగుళూరు, ముంబై, కటక్ నగరములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు గలవు. పూడ్పించుటకు పోవు ఒక పూట పని, వాపుతో మంచమెక్కినప్పుడు పోవు వారము కూలికంటె తక్కువే. ఈ సెలవునాడు పగటి వెలుతురులో ఇంటిల్లిపాది నోళ్లు చూడవలెనని, పిల్లలతో మొదలిడవలెనని మా మనవి.