భూమి పెరిగింది, తగువు ముదిరింది

చి. బుజ్జికి ఆశీస్సులు.

అమెరికా పుట్టకముందు నుంచీ అక్కడ బానిసత్వం ఉంది కదా, మరి దాని మీద యుద్ధం 1861 దాకా ఎందుకు రాలేదు అని అడిగావు. మంచి ప్రశ్న. నీ పాఠ్యపుస్తకం ఒప్పందాల పేర్లూ సంవత్సరాలూ వరసగా ఇచ్చి ఊరుకుంటుంది. వాటిని కలిపే దారం భూమి అని నా నమ్మకం. దేశం పడమటికి పెరిగిన ప్రతిసారీ, నాయకులు వాయిదా వేసుకుంటూ వచ్చిన ప్రశ్న మళ్లీ చట్టసభ ముందుకొచ్చింది: ఈ కొత్త నేల మీద మనిషిని మనిషి కొనుక్కోవచ్చా?

ముందు ఓట్ల లెక్క చూడు. సెనేట్‌లో చిన్న రాష్ట్రానికైనా పెద్ద రాష్ట్రానికైనా రెండే స్థానాలు. ఉత్తరాదిలో జనాభా వేగంగా పెరిగి, ప్రతినిధుల సభలో బానిసత్వం ఉన్న దక్షిణాది వెనకబడింది. ఇక సెనేట్‌లోనైనా సమానంగా నిలబడకపోతే తమ మాట చెల్లదని బానిస యజమానులు భయపడ్డారు.

దీనికి పత్తి తోడైంది. 1793లో ఈలై విట్నీ చేసిన జిన్ను యంత్రంతో గింజ తీయడం సులువై, పత్తి లాభాల పంట అయింది. ఏటా అదే వేసిన పాత నేలలు సారం కోల్పోతుంటే తోటల యజమానులు కొత్త నేల కోసం పడమటికి కదిలారు. ఆ నేల ఖాళీగా లేదు; చెరోకీ, చోక్టా, క్రీక్ వంటి ఆదివాసీ జాతులను వెళ్లగొట్టి తీసుకున్నదే. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. వర్జీనియా వంటి పాత రాష్ట్రాల నుంచి అలబామా, మిసిసిపీ తోటలకు లక్షలాది మందిని తరలించారు. భార్యను ఒకరికి, భర్తను ఇంకొకరికి, పిల్లలను వేరొకరికి అమ్మారు. విస్తరణ అన్న మాట కనిపించిన చోటల్లా ఈ కుటుంబాలను గుర్తు చేసుకో.

ఇప్పుడు ఒప్పందాల్లోకి రా. 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకు కొనడంతో దేశం దాదాపు రెట్టింపైంది. అందులోంచే మిస్సోరి రాష్ట్ర హోదా అడిగింది. 1819 చివరికి బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11. ఎటు మొగ్గినా తూకం చెడుతుంది. 1820లో రాజీ కుదిరింది: మిస్సోరిని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, లూసియానా ప్రాంతంలో మిస్సోరి మినహా 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండదన్నారు.

1845లో టెక్సస్ కలిసింది. తర్వాత మెక్సికోతో యుద్ధం, 1848లో కాలిఫోర్నియాతో సహా విశాలమైన నైరుతి భూభాగం. బానిసత్వాన్ని మెక్సికో ఎప్పుడో 1829లోనే రద్దు చేసింది. అక్కడ గెలిచిన నేల మీద దాన్ని మళ్లీ రానివ్వకూడదని డేవిడ్ విల్మట్ అనే ప్రతినిధుల సభ సభ్యుడు 1846లోనే ప్రతిపాదించాడు. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్ ఒప్పుకోలేదు. ఓట్లు పార్టీల వారీగా కాక ఉత్తరం, దక్షిణం అని చీలాయి. అయితే విల్మట్‌ను బానిసల బంధువు అనుకోకు. ఆ నేల తెల్ల కూలీలకు దక్కాలన్నదే అతని పట్టు. విస్తరణను వ్యతిరేకించిన వాళ్లందరూ నల్లవారి సమానత్వాన్ని కోరలేదు.

1850 రాజీలో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమైంది. బదులుగా, పారిపోయిన బానిసలను పట్టివ్వడానికి కఠినమైన చట్టం వచ్చింది. దాంతో ఉత్తరాది పౌరుడి గుమ్మం ముందుకే బానిసత్వం వచ్చింది. 1854లో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన చట్టం పాత అక్షాంశ రేఖను చెరిపేసి, కాన్సస్, నెబ్రాస్కాల్లో స్థిరపడే జనమే తేల్చుకోవాలంది. మిస్సోరి నుంచి వేలమంది సరిహద్దు దాటొచ్చి కాన్సస్‌లో దొంగ ఓట్లు వేశారు. రెండు పోటీ ప్రభుత్వాలు వెలిశాయి, నెత్తురు పారింది. ఆ చట్టం రేపిన ఆగ్రహంలోంచే రిపబ్లికన్ పార్టీ పుట్టింది.

ఇక్కడ ఒక మనిషి దగ్గర కాసేపు ఆగు. డ్రెడ్ స్కాట్‌ను సైన్యంలో వైద్యుడైన అతని యజమాని ఇల్లినాయ్‌కి, తర్వాత విస్కాన్సిన్ ప్రాంతానికి తీసుకెళ్లాడు. రెండు చోట్లా బానిసత్వం నిషిద్ధం. మిస్సోరికి తిరిగొచ్చాక, స్వేచ్ఛా నేల మీద బతికిన మేము స్వేచ్ఛాజీవులమేనని 1846లో అతనూ భార్య హారియెట్ కోర్టుకెక్కారు. పదకొండేళ్ల తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నల్లవారు పౌరులే కారని, ఆ ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం చట్టసభ అయిన కాంగ్రెస్‌కు లేదని తీర్పు చెప్పాడు. రాజీలకు ఆధారమైన నేలే పోయింది. ఇక రెండు పక్షాల మధ్య గీయడానికి గీత మిగల్లేదు.

1860లో అబ్రహాం లింకన్ గెలిచాడు. ఉన్న రాష్ట్రాల్లో బానిసత్వం జోలికి పోనని, కొత్త ప్రాంతాలకు మాత్రం పాకనివ్వనని చెప్పినవాడు. అది చాలు, డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోయింది. పాత రేఖను పసిఫిక్ దాకా పొడిగిద్దామని సెనేటర్ క్రిటెండెన్ చివరి ప్రయత్నం చేశాడు. కొత్త నేల విషయంలో లింకన్ ఒప్పుకోలేదు. 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలి యుద్ధం మొదలైంది. నీ ప్రశ్నకు జవాబు ఇదే. బానిసత్వం యుద్ధానికి మూలం. దాన్ని పక్కన పెట్టి కాలం గడిపే వీలు లేకుండా చేసింది మాత్రం భూవిస్తరణ.

ఆ రాజీలు రాసినవాళ్లలో తెలివైనవాళ్లున్నారు, దేశం చీలకూడదని నిజంగా తపించినవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు నేలను పంచారే తప్ప, ఆ నేల మీద చాకిరీ చేసే మనిషిని ఏనాడూ అడగలేదు. అందుకే ఏ రాజీ నిలవలేదు. ఇకముందు ఏ దేశ చరిత్రలో ఏ ఒప్పందం గురించి చదివినా, ఎవరెవరు సంతకం చేశారో చూసి ఊరుకోకు. ఎవరి బతుకు గురించి రాశారో, వాళ్లకు మాట్లాడే అవకాశం ఇచ్చారో లేదో వెతుకు.

ఆశీస్సులతో,
మామయ్య