గాజుపూసల సుంకం: ఒక్క మిల్లీమీటరు దగ్గరే పేచీ

రోడ్డుమీది తెల్లగీత రాత్రిపూట లారీ దీపాలకు తళుక్కుమనేది రంగు గొప్పతనం వల్ల కాదు. ఆ రంగులో కలిపి, ఆరకముందే పైన కూడా చల్లే సన్నని గాజుపూసలు వెలుతురును తిరిగి డ్రైవరు కంటివైపే పంపుతాయి. కేంద్ర రహదారుల శాఖ నిర్దేశాల ప్రకారం, కరిగించి పోసే థర్మోప్లాస్టిక్ గీతలపై చదరపు మీటరుకు 250 గ్రాముల పూసలు చల్లవలసి ఉన్నది. 10 సెంటీమీటర్ల వెడల్పున ఎడతెగని గీత గీస్తే కిలోమీటరుకు 25 కిలోలు, అంటే ఒక బస్తా. ఉప్పల్ నుంచి వరంగల్ వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి వంటి దానిపై అంచుగీతలు, నడిమి గీతలు కలుపుకుంటే ఎన్ని బస్తాలవుతాయో వర్తకులే లెక్క వేసుకోవచ్చు.

ఈ సరుకు గిరాకీ రోడ్లతోనే ఆగదు. లోహపు విడిభాగాలపై మరకలు, పొలుసులు పోగొట్టే వర్క్‌షాపులు గాలి ఒత్తిడితో పూసలను కొట్టిస్తాయి. రంగులు, సిరాలు నూరే మిల్లులలో కొంచెం పెద్ద పూసలు తిరుగుతాయి. సీసీఎంబీ వంటి సంస్థలున్న ఉప్పల్ రోడ్డు వాసులకు ఇంకొక వాడుక కూడా వింత కాదు: జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఈస్టు కణాలను పగలగొట్టడానికి అర మిల్లీమీటరు పూసలు వాడతారు. ఇక మగ్గం పనికి కావలసిన పూసలు సరేసరి. చిక్కేమిటంటే, వీటన్నిటికీ ఇన్‌వాయిస్‌లో కనిపించే పేరు ఒక్కటే: గాజుపూసలు. సుంకం పట్టికకు మాత్రం ఆ పేరు ఒక్కటే చాలదు.

మన సుంకం పట్టికకు ఆధారం 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హార్మొనైజ్డ్ పద్ధతి అంతర్జాతీయంగా 1988 జనవరి 1న అమలులోకి రాగా, మన దేశం 1986లోనే ఆ నమూనాకు మారింది. కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ఈ పద్ధతిని అనుసరించే దేశాలన్నిటికీ ఒకటే. చివరి రెండు మనవి. కాబట్టి అమ్మకందారు పంపిన కోడ్‌లో ఆరు అంకెల వరకు విలువ ఉన్నది. ఆ తర్వాతి అంకెలను అలాగే ఎక్కించుకోవడం పొరపాటు. అయితే ఆ ఆరు అంకెలైనా అమ్మకందారు సరిగా వేశాడన్న హామీ ఏమీ లేదు.

గాజుకు 70వ అధ్యాయం. అందులో 7018 పద్దు కింద పూసలు, కృత్రిమ ముత్యాలు, గాజుబొమ్మల వంటి చిల్లర గాజు సామాను వస్తుంది. దానిలోనే 7018 20 00 అన్నది ఒక మిల్లీమీటరు వ్యాసం మించని గాజు సూక్ష్మగోళాలకు కేటాయించిన పద్దు. రోడ్డు సూచికలకు, సినిమా తెరలకు, విమాన ఇంజన్లు శుభ్రం చేయడానికి వాడేవి ఇవేనని, ఇవి గుండ్రంగా, లోపల గట్టిగా ఉంటాయని హార్మొనైజ్డ్ పద్ధతి వ్యాఖ్యానం చెబుతున్నది. దారం ఎక్కే పూస అయితే 7018 10 20. పని చేయని గాజు గోళీలు, అంటే మిల్లీమీటరు దాటిన గుండ్లు, అసలు వేరే పద్దు: 7002 10 00. గుండ్రంగా లేక పగిలిన ముక్కల్లా, పొడిలా ఉంటే 70వ అధ్యాయమే దాటి, రంగుల అధ్యాయంలోని 3207 40 00కు పోతుంది. కొక్కెం వేసి, మెడలో వేసుకోవడానికి సిద్ధంగా ఉన్న పూసల దండ 7117 కింద అనుకరణ నగ.

దారం ఎక్కే పూసకు తెలుగునాట పాత చిరునామాయే ఉన్నది. తిరుపతి సమీపంలోని పాపానాయుడుపేట ఈ పనికి పేరుపడ్డ ఊరు. కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రం చేసే పద్ధతి అది. ప్రాచీన అరికమేడు పూసలతో ఈ పద్ధతికి గల పోలికను పీటర్ ఫ్రాన్సిస్ వంటి పరిశోధకులు చర్చించారు. అటువంటి పూస ఎంత సన్ననిదైనా, రంధ్రం ఉన్నది కాబట్టి పూసే, సూక్ష్మగోళం అనిపించుకోదు.

అసలు పేచీ రోడ్డు పూసలోనే ఉన్నది. నిర్దేశాల్లో ఈ పూసలు రెండు రకాలు. రంగులో కలిపే మొదటి రకంలో 1.18 మిల్లీమీటర్ల జల్లెడపై 3 శాతం వరకు, ఆ కింది 850 మైక్రాన్ల జల్లెడపై 5 నుంచి 20 శాతం వరకు మిగలవచ్చు. పైన చల్లే రెండవ రకంలో 850 మైక్రాన్లపై మిగిలేది 5 శాతానికి మించరాదు. సరఫరాదారులిచ్చే జల్లెడ పత్రం ఈ అంకెలతోనే వస్తుంది. సుంకం పట్టిక అడిగేది మాత్రం 1,000 మైక్రాన్ల సంగతి. పత్రం 1,180 దగ్గర ఒక మాట చెప్పి, 850 దగ్గర ఇంకొక మాట చెబుతుంది. నడుమనున్న వెయ్యి దగ్గర మౌనం. రోడ్డు ఇంజనీరుకు ఆ మౌనంతో పనిలేదు. కస్టమ్స్ అధికారికి ఉన్నది అదే పని.

నాచారం వర్తకుడొకరు 20 టన్నుల మొదటి రకం పూసలు, 25 కిలోల బస్తాలు 800, తెప్పించాడనుకుందాం. 7018 20 00 కింద బిల్ ఆఫ్ ఎంట్రీ వేశాడు. నమూనా తీసి జల్లెడ పట్టగా కొంత భాగం మిల్లీమీటరు దాటింది. మిశ్రమానికి ప్రధాన స్వభావం ఇచ్చేది ఏదో చూడాలన్న వ్యాఖ్యాన సూత్రం, 3(బి), వర్తకుని పక్షాన ఉన్నది. సరుకులో అత్యధిక భాగం సూక్ష్మగోళమే కాబట్టి వాదన బలమైనదే. కాని వాదన గెలిచేలోగా కంటైనరు డిపోలో నిలుస్తుంది, అద్దె పెరుగుతుంది, రోడ్డు కాంట్రాక్టరు గడువు దాటుతుంది. రెండు పద్దులకు ఆ రోజు రేటు ఒకటే అయినా ఊరట తక్కువ. వాణిజ్య ఒప్పందం కింద రాయితీ కోరినవారికి మూలదేశ ధ్రువపత్రంలోని కోడ్ ఒకటి, అధికారి తేల్చిన కోడ్ మరొకటి అయితే, రాయితీకే ప్రశ్న వస్తుంది.

2011 నుంచి సుంకం లెక్క స్వయంగా కట్టి చూపే బాధ్యత దిగుమతిదారుదే. కస్టమ్స్ చట్టం 28వ సెక్షను కింద తక్కువ పడిన సుంకాన్ని మామూలుగా రెండేళ్ల లోపు, నిజం దాచినట్లు తేలితే ఐదేళ్ల వరకు వెనక్కి అడగవచ్చు. వడ్డీ అదనం. సరుకు ఎప్పుడో రోడ్డు కింద కరిగిపోయి ఉంటుంది, నమూనా చూపడానికి పిడికెడు కూడా మిగలదు. అందుకని ప్రతి లాటుకూ ఒక సీసాడు పూసలు మూతబెట్టి బిల్లుతోపాటు దాచుకోవడం అనుభవజ్ఞులు చేసే పని.

ఆర్డరు వేసేటప్పుడే సరఫరాదారును 1.00 మిల్లీమీటరు జల్లెడ ఫలితం అదనంగా అడిగితే ఖర్చు పెద్దగా ఉండదు. ఇన్‌వాయిస్‌లో ఉత్త ‘గాజుపూసలు’ అని గాక, గట్టి గాజు సూక్ష్మగోళాలు, గరిష్ఠ వ్యాసం ఇంత అని రాయించాలి. రోడ్డుకని, బ్లాస్టింగుకని రాసినందువల్ల పద్దు మారదు. పరిమాణం, ఆకారం చూస్తారు. లోపల బోలుగా ఉండే తేలిక గోళాలు తెప్పించేవారు వ్యాఖ్యానంలో ‘గట్టి’ అన్న మాట ఉన్నదని గుర్తుంచుకొని, 7018 20 తమకూ వర్తిస్తుందని ముందే అనుకోరాదు. అనుమానం మిగిలితే సరుకు ఓడ ఎక్కకముందే ముంబయి, ఢిల్లీలలో 2021 నుంచి పనిచేస్తున్న కస్టమ్స్ ముందస్తు తీర్పుల అథారిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సరుకు ఇప్పటికే వచ్చి ఉంటే, 18వ సెక్షను కింద తాత్కాలిక మదింపు కోరి, బాండు ఇచ్చి, సరుకు విడిపించుకొని, పరీక్ష నివేదిక వచ్చాక లెక్క తేల్చుకొనే దారి ఉన్నది.